కుండీ నుంచి గుంతకు

కుండీలో చిక్కిపోతున్న మొక్కను తీసి నేలలో నాటడం తోటపనిలో చాలా పాతది. పూర్వపు ఆధారాల్లో మట్టిపాత్రలోనో బుట్టలోనో మొక్క కనిపించిందంటే చాలాసార్లు అది దారిలో ఉన్న మొక్కే. ఒకచోటి చెట్టు ఇంకోచోట కావాల్సి వచ్చింది. మధ్యలో ఎడారో సముద్రమో ఉంది. అది దాటేదాకా వేరు తడారకూడదు గనక పిడికెడు మట్టి వెంట తీసుకుపోవాలి, దానికొక పాత్ర కావాలి. ఊరు చేరాక మొక్క పాత్ర దిగాలి. చరిత్ర రాసినవాళ్లు ఆ ప్రయాణాల గురించి పుటలకు పుటలు నింపారు గానీ, పాత్రలోంచి గుంతలోకి దిగే జానెడు దూరాన్ని అంతగా పట్టించుకోలేదు. వేల మైళ్లు తట్టుకుని వచ్చి ఆ జానెడు దగ్గర చచ్చిన మొక్కలు కొల్లలు.

ఈ పనికి బాగా పాత బొమ్మ ఈజిప్టులో ఉంది. క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దంలో ఏలిన హత్షెప్సుత్ రాణి పుంట్ అనే దేశానికి ఓడలు పంపి సాంబ్రాణి చెట్లు తెప్పించింది. దెయిర్ ఎల్ బహరీ గుడి గోడల మీద ఆ దృశ్యం చెక్కి ఉంది. వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా చెట్టును బుట్టలో నిలబెట్టి, బుట్టను కావడికి వేలాడదీసి మనుషులు ఓడ ఎక్కిస్తుంటారు. తెచ్చిన చెట్లు 31 అని శాసనం లెక్క చెబుతుంది. ఈ రోజుకీ పెద్ద చెట్టును గోనెసంచిలో చుట్టి లారీ ఎక్కించే కూలీలు పట్టే పద్ధతి ఇదే: గడ్డ పగలకూడదు, మొదలు ఊగకూడదు.

గ్రీకులు దీన్ని తిరగేశారు. నడి వేసవిలో అక్కడి ఆడవాళ్లు పగిలిన కుండపెంకుల్లో పాలకూరలాంటి ఆకుకూరలు, సోపు, గోధుమ, బార్లీ విత్తి మేడల మీద పెట్టేవారు. వారం తిరక్కుండానే మొలిచి, ఎండకు వాడిపోయేవి. వాడిన మొలకలను సముద్రంలోనో ఊటలోనో కలిపేసేవారు. చిన్నవయసులో చనిపోయిన అడోనిస్ కోసం చేసే సంతాప వ్రతం అది. వేరు పోవడానికి చోటు లేని మొలక బతకదన్నది ఆ వ్రతంలో అందరికీ తెలిసిన సంగతే. ఆ వాడిపోవడమే అందులో కావలసింది.

రోమన్లు రైతులు గనక వాళ్ల రాతల్లో పనికొచ్చే వివరం ఎక్కువ. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో తన వ్యవసాయ గ్రంథంలో అంటు కట్టే విధానం చెప్పాడు. చిల్లు పెట్టిన కుండలోంచి కొమ్మను దూర్చి, మట్టి నింపి, వేరు పట్టేదాకా చెట్టుమీదే ఉంచాలి. వేరు పట్టాక కొమ్మ కోసి కుండతో సహా పాతాలి. వెసూవియస్ బూడిదలో పూడిన పాంపే తోటల్ని 20వ శతాబ్దంలో విలెమీనా జాషెమ్స్కీ తవ్వినప్పుడు, అడుగునా పక్కలా చిల్లులున్న చిన్న కుండలు మొక్కల మొదళ్ల దగ్గర నేలలోనే దొరికాయి. వేరు ఆ చిల్లుల్లోంచి బయటపడి నేల పట్టుకునేది. ప్లినీ మాత్రం ఒక ఓటమి కథ రాసిపెట్టాడు. మాదీఫలం చెట్టును మందు కోసం చాలా దేశాలవాళ్లు తమ గడ్డకు తరలించబోయారట. వేళ్లకు గాలి ఆడేలా చిల్లులు పెట్టిన మట్టికుండల్లో తీసుకుపోయారు. అయినా మీడియా, పర్షియా దాటి అది ఎక్కడా నిలవనని మొరాయించిందని ఆయన అంటాడు. తర్వాతి కాలంలో ఇటలీ అంతా మాదీఫలం కాసింది కాబట్టి మొరాయించింది చెట్టు కాకపోవచ్చు.

భారతదేశంలో ఈ పనికి దొరికే స్పష్టమైన పాఠం 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఉంది. జ్యోతిషానికి పేరుపడ్డ ఆ పుస్తకంలో వృక్షాయుర్వేదం ఒక అధ్యాయం. కొమ్మలు వేయని మొక్కను శిశిరంలో, కొమ్మలు వేసినదాన్ని హేమంతంలో, మొదలు బలిసిన చెట్టును వానల మొదట్లో మార్చి నాటాలన్నాడు. నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, పేడ కలిపి వేరు నుంచి బోదె దాకా పూసి తరలించమన్నాడు. నాటిన చెట్టుకు ఎండాకాలం ఉదయం సాయంత్రం, చలికాలం రోజు విడిచి రోజు, వానాకాలం నేల ఆరినప్పుడు మాత్రమే నీళ్లు. చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 మూరలు ఉత్తమం, 16 మధ్యమం, 12కి తగ్గకూడదు. 20 మూరలంటే 30 అడుగులు. ఇవాళ మామిడితోట పెట్టే రైతు వదిలే ఎడం దాదాపు అంతే.

ఈ పూతలో కొంత వైద్యం, కొంత ఆచారం కలగలిసి ఉన్నాయి. పేడ, నెయ్యి వేరు గాయాన్ని కప్పి తడారకుండా కాపాడతాయి. వాయువిడంగాలు పురుగుకు మందుగా ఆయుర్వేదంలో వాడేవే. తేనె, పాలు ఎంత పనిచేసేవో చెప్పలేం గానీ అంత ఖరీదైన పూత పూసిన చెట్టును ఎవరూ నిర్లక్ష్యం చేయరు, అది మాత్రం ఖాయం. అదే అధ్యాయం మొక్కకు వచ్చే జబ్బుల గుర్తులూ చెబుతుంది: ఆకు పాలిపోవడం, చిగురు రాకపోవడం, కొమ్మ ఎండడం, రసం కారడం. చలిగాలి, ఎండ వల్ల ఇవి వస్తాయట. చికిత్స ముందు కత్తితో పాడైన భాగం చెక్కేయడం, ఆ తర్వాతే పూత.

దీని తరువాతి పుస్తకం సురపాలుడి వృక్షాయుర్వేదం. మనుషులకు లాగే మొక్కలకూ వాత, పిత్త, కఫ దోషాలను బట్టి రోగ నిర్ణయం చేసిన గ్రంథం అది. దాని రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండిపోయింది. సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ దాన్ని తెప్పించి, నళినీ సాధలే ఇంగ్లీషు అనువాదంతో 1996లో అచ్చు వేసింది. చేపలు, మాంసపు వ్యర్థాలు కుళ్లబెట్టి తయారుచేసే కుణపజలం గురించి ఇప్పటి సేంద్రియ రైతులు మాట్లాడుకోవడం ఎక్కువగా ఈ ముద్రణ తర్వాతే.

కుండీ దిగకుండా బతికినవి లేవా అంటే ఉన్నాయి. 1680ల్లో వెర్సాయ్ రాజభవనంలో కట్టిన నారింజశాలలో వెయ్యికి పైగా చెట్లను చలికాలం లోపలికీ వేసవిలో బయటికీ మోసేవారు. వాటికి వాడిన చెక్కపెట్టెల పక్కపలకలు ఊడదీయవచ్చు. ఏళ్లకోసారి పలక తీసి, ముదిరిన వేళ్లు కోసి, కొత్త మట్టి కూరేవారు. అంటే చెట్టు కుండీలో బతకాలంటే నేల చేసే పనంతా మనిషి చేయాలి. రాజుగారికి అంత జీతగాళ్లు ఉన్నారు, చేయించుకున్నాడు.

18వ శతాబ్దంలో కుండీ మొక్కలు సామ్రాజ్యాల సరుకు అయ్యాయి. ఫ్రెంచి అధికారి గాబ్రియేల్ ద క్లియూ 1720ల్లో కాఫీ మొక్కను అట్లాంటిక్ దాటించి మార్టినీక్ దీవికి చేర్చాడు. నీళ్లు తరిగిపోతే తన వంతు నీళ్లలోంచే మొక్కకు పోశానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ కథను ఆయన కాస్త పెంచే ఉంటాడు. ఇంతకంటే పెద్ద ప్రయత్నం బౌంటీ ఓడది. వెస్టిండీస్ చెరకుతోటల్లో బానిసలకు చౌక తిండి కావాలని బ్రిటన్ ఆ ఓడను సీమపనస మొక్కల కోసం తాహితీకి పంపింది. కెప్టెన్ విలియం బ్లై తన పెద్ద క్యాబిన్ మొక్కలకిచ్చాడు. కుండీలు కదలకుండా చిల్లుల పలకలు అమర్చారు, కారిన నీళ్లు పోనివ్వకుండా నేలకు సీసపు రేకు పరిచారు. 1789 ఏప్రిల్‌లో తాహితీ విడిచేనాటికి 774 కుండీలు, 39 తొట్లు, 24 పెట్టెల్లో 1,015 మొక్కలు ఉన్నాయి.

అక్కడ ఒక చిన్న సంఘటన జరిగింది. బయల్దేరే ముందు, చిగురు వేయకుండా మొండిగా ఉన్న 300 పైచిలుకు మొక్కలను పనికిరావని తీసేసి వేరేవి పెట్టించాడు బ్లై. తీసినవాటిని చూస్తే నిజంగా చచ్చినవి పదింట ఒకటి కూడా లేవు. పైన కదలిక లేకపోయినా లోపల వేరు పెరుగుతూనే ఉంది. కుండీ మొక్క పైకి చెప్పేదీ లోపల జరిగేదీ ఒకటి కాదన్న ఈ సంగతి ఇప్పటికీ ఇళ్లలో రోజూ రుజువవుతోంది: ఎండిందని పారేసిన కరివేపాకు మొక్క చెత్తకుప్ప మీద చిగురిస్తుంది. బౌంటీ మొక్కలకు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. ఏప్రిల్ 28న సిబ్బంది తిరగబడి కెప్టెన్‌ని చిన్న పడవలోకి దింపేశారు, మొక్కల్ని సముద్రంలోకి విసిరేశారు. ఓడ తోటమాలి డేవిడ్ నెల్సన్ కెప్టెన్‌తోపాటే ఆ పడవలో టిమోర్ దాకా వెళ్లి అక్కడ జబ్బుచేసి చనిపోయాడు. రెండో ప్రయత్నంలో, 1793లో, సీమపనస సెయింట్ విన్సెంట్, జమైకా దీవులు చేరింది. ఈసారి ఓడ తోటమాలి జేమ్స్ వైల్స్ మొక్కలను దింపి వెనక్కి పోలేదు. అవి నేల పట్టేదాకా చూసుకోవడానికి జమైకాలోనే ఉండిపోయాడు. మొక్కలు నిలిచాయి.

అదే కాలంలో గోదావరి ప్రాంతంలోనూ ఇలాంటి పని జరిగింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో సామర్లకోటలో తోట పెట్టాడు. రాజమహేంద్రవరం ఎగువ కొండల్లో తనంతట పెరుగుతున్న మిరియాల తీగల్ని గుర్తించి, వాటిని మైదానానికి తెచ్చి తోటగా పెంచే ప్రయత్నం చేశాడు. అడవి నీడకు అలవాటైన తీగకు పాకడానికి చెట్టు కావాలి, మొదట్లో తేమ కావాలి. సామర్లకోట ఎండ వేరు. ఆ తేడాను పూడ్చడమే తోటమాలి పని అయింది. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ తోటకు అధిపతిగా వెళ్లాడు. 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన ఆ తోట పరదేశపు మొక్కలను కుండీ దించి మన నేలకు అలవాటు చేసే పెద్ద మజిలీ అయింది.

కుండీ ప్రయాణాన్ని మార్చేసింది ఒక సీసా. లండన్‌లో రేవు దగ్గరి పొగలో కాపురముండే నథానియల్ వార్డ్ అనే డాక్టరు 1829లో ఒక చిమ్మటపురుగు గూడును తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. చిమ్మట సంగతి ఏమైనా, మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. బయట ఎన్నిసార్లు నాటినా పొగకు చచ్చే మొక్క లోపల పచ్చగా ఉంది. ఆకు విడిచిన తేమ అద్దానికి పట్టి మళ్లీ మట్టిలోకే జారుతోంది. వార్డ్ దీన్ని పెద్ద అద్దాల పెట్టెగా చేయించి 1833లో సిడ్నీకి పంపాడు. నీళ్లు పోయకుండానే మొక్కలు నెలల తరబడి బతికి చేరాయి, తిరుగు ప్రయాణంలో ఆస్ట్రేలియా మొక్కలూ అంతే పచ్చగా లండన్ వచ్చాయి. రాబర్ట్ ఫార్చూన్ చైనా తేయాకు మొక్కల్ని హిమాలయ సానువులకు తెచ్చిందీ ఈ పెట్టెల్లోనే. ప్రయాణం సగం పరిష్కారమైంది. మిగతా సగం ఎంత కష్టమో నీలగిరుల్లో సింకోనా చూపించింది.

సింకోనా బెరడు చలిజ్వరానికి మందు. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో తప్ప దొరికేది కాదు. 1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్తియే, కావెంతూ ఆ బెరడులోంచి క్వినైన్‌ని వేరుచేశాక గిరాకీ ఇంకా పెరిగింది. మన్యం జ్వరాలతో సైన్యాలు, కూలీలు కుప్పకూలుతున్న ఇండియాకు ఆ చెట్టే తెచ్చుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వం 1859లో క్లెమెంట్స్ మార్కమ్‌కి పని అప్పజెప్పింది. మార్కమ్ 1860లో పెరూ కొండల్లో వందల మొక్కలు సేకరించి, వార్డ్ పెట్టెల్లో సర్ది, పనామా, ఇంగ్లండ్, ఎర్రసముద్రం, బొంబాయి మీదుగా ఆ అక్టోబరుకు ఊటీ చేర్చాడు. దారి లెక్కలోనే పొరపాటుంది. చల్లని కొండగాలికి పుట్టిన మొక్కలు ఎర్రసముద్రపు ఎండలో అద్దాల పెట్టెలో ఉడికాయి. ఊటీకి వచ్చేసరికి చాలా వాటికి కొన ఊపిరి. ఆ జట్టులో ఒక్కటీ దక్కలేదు.

రెండో విడత ఈక్వడార్ నుంచి వచ్చింది. రిచర్డ్ స్ప్రూస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు జబ్బుమనిషి, నడవలేని స్థితిలో ఉండి కూడా చింబొరాసో కొండవాలున ఎర్రబెరడు జాతి విత్తనాలు ఎండబెట్టాడు. కొమ్మముక్కలకు వేరు పట్టించింది మాత్రం రాబర్ట్ క్రాస్ అనే తోటమాలి. పాకలో నాటి, నీళ్లు మోసి, నెలలు కాపలా కాసి 637 మొక్కలు సిద్ధం చేశాడు. తెప్పల మీద పెట్టెలు పెట్టి నది దింపుతుంటే ఒడ్డు కొమ్మలు తగిలి పెట్టెలు దెబ్బతిన్నా మొక్కలు మిగిలాయి. క్రాస్ వాటి పక్కనే ఇండియా దాకా ప్రయాణం చేశాడు. 1861 ఏప్రిల్‌లో ఊటీలో లెక్కపెడితే 463 బతికున్నాయి. మార్కమ్ మొక్కలతో మనిషి లేడని కాదు, వాటి దారిలో కాలం ఎండాకాలం, వీటికి చలికాలం. తోటవాడికి కార్తె ఎంత ముఖ్యమో ఈ రెండు ఓడ ప్రయాణాల్లో కనిపిస్తుంది.

ఊటీలో వాటిని అందుకున్నది విలియం గ్రహమ్ మెకైవర్. లండన్ క్యూ తోటలో పని నేర్చి 1848లో ఊటీ ప్రభుత్వ తోటను తీర్చిదిద్దడానికి వచ్చినవాడు. కొత్త మొక్కల్ని మొదట అద్దాల గదిలో కుండీల్లో పెట్టాడు. ఆకుతో కూడిన చిన్న కణుపు ముక్కలకే వేరు పట్టించి ఏడాది రెండేళ్లలో మొక్కల సంఖ్యను ఎన్నో రెట్లు చేశాడు. అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. ఇంత ఖరీదు పెట్టి తెచ్చిన మొక్కను ఎక్కడ దించాలి? నీడలోనా, ఎండలోనా?

ఆ ప్రశ్నకు జావా దీవిలో డచ్చివాళ్లు అప్పటికే ఒక జవాబు ఇచ్చుకున్నారు. హాస్కార్ల్ 1850ల్లో తెచ్చిన సింకోనాను ఆయన తర్వాత వచ్చిన యుంగ్‌హూన్ దట్టమైన అడవి చెట్ల కింద నాటించాడు. పుట్టింట అడవిలో ఉంది కాబట్టి మెట్టింటా అడవే కావాలన్నది ఆయన వాదం. చెట్లు వెలుతురు వెతుక్కుంటూ సన్నగా పొడుగు సాగాయి. మెకైవర్ దానికి విరుద్ధంగా వెళ్లాడు. మొక్కను కుండీలో ఉండగానే అంచెలంచెలుగా గాలికీ ఎండకూ అలవాటు చేసి, వాన పడ్డాక, అడవి నరికిన ఆరుబయలు వాలులో దించాడు. దొడ్డబెట్ట మీదా, పడమటి వాలున నడువట్టంలోనూ తోటలు వేశాడు. ఎర్రబెరడు జాతికి నడువట్టం వెచ్చదనం పడింది, చలిని ఇష్టపడే మరో జాతి దొడ్డబెట్టలో సర్దుకుంది. చెట్టును నరక్కుండా బెరడు పట్టీలుగా ఒలిచి, ఒలిచిన చోట నాచు కట్టి, మళ్లీ బెరడు పెంచే పద్ధతీ ఆయనదే. తోటవాడి చేతి అనుభవం పుస్తకం వాదాన్ని ఓడించిన సందర్భాల్లో ఇది ఒకటి. అయితే గుంతలు తవ్విన చేతుల సంగతి వేరు. నడువట్టం తోటలో పనిచేసినవాళ్లలో మలయా ద్వీపకల్పం వైపు నుంచి శిక్షపడి వచ్చిన చైనా ఖైదీలు ఉన్నారు. వాళ్లకోసం అక్కడే జైలు కట్టారు.

క్వినైన్ వ్యాపారంలో చివరికి గెలిచింది మాత్రం జావాయే. చార్లెస్ లెడ్జర్ అనే వర్తకుడు తన బొలీవియా పనివాడు మాన్యుయెల్ మమానీ ద్వారా సంపాదించిన విత్తనాలను 1865లో డచ్చివాళ్లు కొన్నారు. వాటిలో క్వినైన్ శాతం చాలా ఎక్కువ. తోటపనిలో ఎంత నేర్పున్నా విత్తు మేలుదైతేనే లాభం. నీలగిరి తోటలు తమ స్థాయిలో కొయినా మాత్రలు తయారుచేస్తూ చాలాకాలం సాగాయి. మలేరియాను దోమలు మోస్తాయని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్‌లో. అప్పటికి ఆ జ్వరానికి ఉన్న ఒకే గట్టి మందు ఈ చెట్టుదే.

పెట్టెలతోపాటు రాకూడనివీ వచ్చాయి. కుండీమట్టిలో పురుగు గుడ్లు, శిలీంధ్రాలు, కలుపు విత్తులు ఉంటాయి. కొన్ని మొక్కలైతే దిగగానే చెలరేగాయి. పూలమొక్కగా 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకు వచ్చిన లాంటానా ఇవాళ దేశమంతటి అడవుల్లో పొదలు పొదలుగా అల్లుకుంది. ఆదిలాబాద్ నుంచి నల్లమల దాకా దానితో వేగుతున్నారు. ఈ అనుభవాల తర్వాతే దేశాలు మట్టితో వచ్చే మొక్కల మీద ఆంక్షలు పెట్టాయి. ఇండియాలో అలాంటి చట్టం 1914లో వచ్చింది. అద్దాల పెట్టెకు కాలం చెల్లడం అక్కణ్ణుంచే మొదలైంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత నల్ల పాలిథిన్ కవరు వచ్చి మట్టికుండను నర్సరీల్లోంచి వెళ్లగొట్టింది. తేలిక, చౌక, పగలదు. తెలుగునాట ‘కవరు మొక్క’ అన్నది ఒక మాటే అయిపోయింది. కానీ మట్టికుండ గోడకు ఊపిరి ఉంటుంది, కవరుకు లేదు. గోడ తగిలిన వేరు ఆగక దాని వెంటే చుట్టుకుంటూ పోతుంది. ఏడాది దాటిన కవరు కోసి చూస్తే అడుగున వేళ్లు తాడు చుట్టలా ఉంటాయి. ఆ చుట్టతోనే పాతేస్తే రెండుమూడేళ్లు బాగానే పెరిగినట్టు కనిపించి, వేరు లావయ్యేకొద్దీ తన మొదలును తానే నొక్కుకుంటుంది. పెద్ద గాలికి ఒరిగిన కొన్ని చెట్ల కింద చూస్తే కవరు ఆకారంలోనే వేరుగడ్డ బయటపడుతుంది.

కుండీలో మొక్క చిక్కిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. ఎండ తగిలే కుండీ పక్క వేళ్లు వేడికి ఉడుకుతాయి. బోరునీళ్లలోని ఉప్పు కిందికి దిగే దారిలేక అంచుల మీద తెల్లగా పేరుతుంది. పాత్ర ఎంత లోతు తక్కువైతే అడుగున నీరు అంత ఎక్కువగా నిలుస్తుంది, పైన ఎండినట్టున్నా కింద వేరు కుళ్లుతుంటుంది. నేలలో వేడి, ఉప్పు, నీరు మూడూ లోతుకు జారిపోతాయి. చావుకు సిద్ధమైన మొక్క నేల తగలగానే తేరుకునేది అందుకే.

కవరు మొక్కల వ్యాపారానికి ఇవాళ్టి పెద్ద కేంద్రం మళ్లీ గోదావరి పక్కనే ఉంది. రాక్స్‌బర్గ్ సామర్లకోటకు యాభై కిలోమీటర్ల లోపే కడియం. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి, జేగురుపాడు ఊళ్లలో పూలసాగుతో మొదలైన రైతులు క్రమంగా మొక్కల పెంపకంలోకి మళ్లారు. వాళ్లలో పల్లా వెంకన్న పేరు దేశమంతా తెలిసింది. ఒండ్రునేల, కాలువ నీరు, జాతీయ రహదారి మూడూ ఒకచోట కలిసిన ఊళ్లవి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి ఆడకూలీలు కవర్లు నింపుతుంటారు. ఎడమచేత్తో కవరు నోరు తెరిచి, కుడిచేత్తో మూడు గుప్పిళ్లు పోసి, నేలకు ఒకసారి తట్టి, పక్కన పెడతారు. ఆ తట్టడంలో లెక్క ఉంది. గట్టిగా తడితే మట్టి బిగిసి వేరుకు గాలాడదు, తట్టకపోతే మొదటి నీటికే కుంగి మొక్క వంగుతుంది. పెద్ద చెట్లను మాత్రం నేలలోనే పెంచి, అమ్మకానికి కొన్ని వారాల ముందు చుట్టూ వేళ్లు కోసి, గడ్డ చెదరకుండా గోనెపట్టా చుట్టి పురికొసతో బిగిస్తారు. హత్షెప్సుత్ గోడబొమ్మలో ఉన్నది ఈ గడ్డే.

గోదావరి తేమగాలిలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్క హైదరాబాద్ మేడ మీది మే నెల ఎండలో వారానికే ముడుచుకుపోతుంది. కొన్నవాళ్లు నర్సరీవాణ్ణి తిడతారు. నర్సరీవాడు నీళ్లు పోయలేదంటాడు. తప్పు చాలావరకు తొందరది.

ప్రభుత్వాలు ఈ పనిలోకి వచ్చాక అంకెలు పెద్దవయ్యాయి. 1970లు, 80ల్లో సామాజిక అడవుల పథకాలు కవరు మొక్కలతోనే నడిచాయి. వేరు చుట్టుకోకుండా లోపల నిలువుగీతలు, అడుగున తెరిచిన రంధ్రం ఉన్న రూట్ ట్రైనర్లు ఆ తర్వాత వచ్చాయి. వేరు కిందికి జారి గాలి తగిలి ఆగిపోతుంది, పక్కన కొత్త పీచువేర్లు పుడతాయి. తెలంగాణ 2015లో 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం మొదలుపెట్టింది. నాటిన లెక్కలు ఎప్పుడూ దొరుకుతాయి, బతికిన లెక్కలే దొరకవు. 2018 పంచాయతీరాజ్ చట్టం మాత్రం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాసి, ఆ బాధ్యతను ఊరి పాలకుల మీద పెట్టింది. జమైకాలో ఉండిపోయిన వైల్స్ పని చట్టంగా మారడానికి 225 ఏళ్లు పట్టింది.

ఇంటి పెరట్లో మాత్రం పని వరాహమిహిరుడు చెప్పిన దారికి పెద్ద దూరంలో లేదు. తొలకరి పడి, మృగశిర దాటి, నేల జానెడు లోతున తడిసేదాకా ఆగుతారు. ఆ లోపల కుండీని రోజూ గంటకాస్త ఎక్కువ ఎండలోకి జరుపుతారు. గుంత మూరెడు లోతు, మూరెడు వెడల్పు తవ్వి నాలుగు రోజులు ఎండనిస్తారు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోస్తారు, పూడ్చేటప్పుడు పైమట్టే వేళ్ల దగ్గరికి పోవాలి. నాటే ముందు సాయంత్రం కుండీకి నీళ్లు పెడితే మట్టి గోడను వదులుతుంది. మర్నాడు పొద్దు వాలాక మొదలును వేళ్ల మధ్య పట్టి కుండీని బోర్లించి అంచును మెల్లగా తడితే గడ్డ ఊడి చేతిలోకి వస్తుంది. రాకపోతే కుండీ పగలగొట్టడమే, మొక్కను లాగకూడదు. చుట్టుకున్న వేళ్లను వేలితో విప్పి, విప్పలేనివి మూడు నాలుగు చోట్ల నిలువుగా కోస్తారు. కోయడానికి చాలామందికి చేతులు రావు. కోసిన చోటే కొత్త వేరు పుడుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు గుంత నిండా మెత్తని ఎరువుమట్టి నింపడం. చుట్టూ గట్టి బంకమట్టి ఉండి లోపల గుల్లమట్టి ఉంటే ఆ గుంతే నేలలో దాచిన కుండీ అవుతుంది. వాననీళ్లు అందులో నిలుస్తాయి, వేరు బయటి నేలలోకి పోదు. తవ్విన మట్టినే, పిడికెడు చివికిన ఎరువు కలిపి, తిరిగి పోయాలి. గడ్డ పైభాగం నేలమట్టానికి సమంగా ఉండాలి, మొదలు పూడకూడదు. మొదటి నీళ్లు బిందెడు పోసి బుడగలు ఆగేదాకా చూస్తారు. బుడగ వచ్చినచోట గాలిగుంత ఉన్నట్టే, అక్కడ మట్టి కూరుతారు.

తర్వాత రెండు వారాలు ముదురాకులు పసుపెక్కి రాలతాయి. వేరు తగ్గింది గనక ఆకు తగ్గించుకుంటోంది, అప్పుడు ఎరువు వేయకూడదు. గోటితో కొమ్మ గీస్తే లోపల పచ్చగా ఉన్నంతకాలం భయం లేదు. చిగురు కనిపించాక ఊతకర్రకు కట్టిన ముడి వదులు చేస్తారు. పాదును మొదటి చుట్టు కంటే జానెడు వెడల్పు చేసి, అప్పటినుంచి నీళ్లు మొదట్లో కాక పాదు అంచున పోస్తారు, పీచువేరు అప్పటికి అక్కడికి చేరుతుంటుంది.